పాల చౌడు పొలంలో ఉప్పును కడిగి తీయడం ఎలా?

సముద్రానికి దగ్గరగా ఉన్న విడవలూరు ప్రాంత పొలాల్లో ఎండాకాలం నేలపై తెల్లని పొర కనిపిస్తే అది పాల చౌడు కావచ్చు. ఈ ఉప్పు నీటిలో సులభంగా కరుగుతుంది. కానీ మడిలో నీరు ఎండితే నీరు మాత్రమే ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే మిగులుతుంది. ఉప్పు మడుల్లో జరిగేదీ ఇదే. కాబట్టి ఉప్పు కరిగిన నీటిని పొలం నుంచి బయటకు పంపాలి.

• పొలాన్ని చదును చేసి, చిన్న మడులుగా విభజించి, గట్లు ఎత్తుగా వేయండి.
• పెన్నా కాలువ నీరు లేదా వాన నీరు నిలగట్టి దమ్ము చేయండి. ఉప్పు బోరు నీరు వాడవద్దు.
• బురద పేరుకున్నాక పైనీటిని మురుగు కాలువలోకి వదలండి. పక్క పొలంలోకి వదలవద్దు.
• ఇలా 4-5 సార్లు చేశాక నాట్లు వేయండి.

కారు చౌడుకు ఇది చాలదు. అక్కడ సోడియం మట్టి రేణువులను అంటుకుని ఉంటుంది. జిప్సంలోని కాల్షియం దాన్ని విడిపించాకే నీటితో కడగాలి. ఉదజని సూచిక 8.5 దాటితే కారు చౌడుగా అనుమానించాలి. అందుకే జిప్సం కొనేముందు భూసార పరీక్ష చేయించి, అందులో చెప్పిన మోతాదే వేయండి.