యాభై ఆరేళ్ళకు పాఠం మొదలుపెట్టిన ఇప్ మాన్

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి పంపమని మన కార్యదర్శి గారు కోరారు. డి.ఎ. బకాయిల చరిత్ర మన పత్రికలో ఇదివరకే సమగ్రంగా వచ్చింది కనుక, నేను కొంచెం దూరం వెళ్ళి చైనా దేశపు ఒక గురువు గారి జీవితం వ్రాస్తున్నాను. పేరు ఇప్ మాన్. బ్రూస్ లీకి గురువు అంటే మీ ఇళ్ళలోని కుర్రవాళ్ళు వెంటనే గుర్తుపడతారు. ఆయన పేరుతో 2008లో వచ్చిన సినిమాను మా మనవడు నాకు చూపించాడు. అందులో ఆయన జపాను సేనాధిపతితో తలపడి గెలుస్తాడు. అది కట్టుకథ. అసలు జీవితంలో అటువంటి పోరాటం లేదు. ఉన్నది వేరే పోరాటం. మన వయసు వారికి అదే ఎక్కువగా అర్థమవుతుందని నా నమ్మకం.

ఆయన 1893లో దక్షిణ చైనాలోని ఫోషాన్ పట్టణంలో కలవారి ఇంట పుట్టారు. చిన్నతనంలోనే చాన్ వా షున్ అనే వృద్ధ గురువు వద్ద వింగ్ చున్ అనే విద్య నేర్చుకున్నారు. ఈ చాన్ గారు వృత్తిరీత్యా నాణాలు మార్చే వ్యాపారి. ఆయన గురువు లియుంగ్ జాన్ వైద్యుడు. అంటే ఈ విద్య సన్యాసుల మఠాల్లోనే కాక, అంగడి వీధుల్లో కూడా బ్రతికిందన్నమాట. ఒక సన్యాసిని దీనిని కనిపెట్టి వింగ్ చున్ అనే అమ్మాయికి నేర్పిందని కథ ఒకటి ఉంది. మన స్థలపురాణాల వంటిదే అది. వినడానికి బాగుంటుంది, ఆధారాలు అడగకూడదు.

పదిహేను, పదహారేళ్ళ వయసులో హాంకాంగ్ వెళ్ళి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఇంగ్లీషు చదువు చదివారు. తిరిగి వచ్చాక ఫోషాన్‌లో దర్జాగా కాలం గడిపారు. విద్య ఉంది కాని దానిని అమ్ముకోవలసిన అవసరం రాలేదు. 1938లో జపాను సైన్యం ఫోషాన్‌ను ఆక్రమించాక ఆస్తి కరిగిపోయింది. ఆ రోజుల్లో ఒక స్నేహితుని నూలు మిల్లులో కొద్దిమందికి నేర్పారు. యుద్ధం ముగిశాక పోలీసు శాఖలో ఉద్యోగం చేశారు. 1949లో కమ్యూనిస్టులు అధికారంలోకి రావడంతో, పాత ప్రభుత్వంలో పోలీసుగా పనిచేసినవాడు అక్కడ ఉండటం క్షేమం కాదని హాంకాంగ్ చేరారు. భార్య చాంగ్ వింగ్ సింగ్ గారు, పిల్లలు ఫోషాన్‌లో ఉండిపోవలసి వచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. అప్పటికి ఆయనకు 56 ఏళ్ళు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, ఇల్లు లేదు. 1983లో మన రాష్ట్రంలో విరమణ వయసును 58 నుండి 55కు తగ్గించినప్పుడు మా సెక్షనులోని పెద్దలు సంచీలు సర్దుకుంటూ "ఈ వయసులో కొత్తగా ఏం పని దొరుకుతుందయ్యా" అన్న మాట నాకు ఇంకా వినిపిస్తుంది. వారికి కనీసం పింఛను ఉంది.

ఆయనను ఆదుకున్నది ఒక ఉద్యోగుల సంఘం. ఈ సంగతి చదివాకే నాకీ వ్యాసం వ్రాయాలనిపించింది. హాంకాంగ్ హోటలు కార్మికుల సంఘం భవనంలో ఆయన 1950లో తరగతి ప్రారంభించారు. విద్యార్థులు వంటవాళ్ళు, సర్వర్లు. సంఘంలో పనిచేసే లియుంగ్ షియుంగ్ అనే దృఢకాయుడు, అంతకుముందే మరొక పద్ధతి నేర్చినవాడు, ఈ బక్కపలుచని పెద్దాయన ఏం చేస్తాడో చూద్దామని చేతులు కలిపి, కాసేపట్లోనే శిష్యుడైపోయాడని శిష్యులు చెప్పుకుంటారు. చేతులు కలపడం ఈ విద్యలో ముఖ్యమైన సాధన. ఇద్దరూ ముంజేతులు ఆనించి ఉంచి, ఎదుటివాని బలం ఎటు వస్తున్నదో కంటితో కాక స్పర్శతో తెలుసుకోవాలి. బలానికి బలం ఎదురుపెట్టరు, పక్కకు తప్పిస్తారు. అందుకే వయసు మళ్ళినవాడు కూడా నేర్పగలిగాడు.

సాధనకు కొయ్య మనిషి ఒకటి ఉంటుంది. లావుపాటి దుంగకు మూడు చేతులు, ఒక కాలు. ఫోషాన్‌లో దానిని నేలలో పాతేవారు. హాంకాంగ్ మేడల్లో ఇరుకు గదులు, పాతడానికి నేల ఎక్కడిది? అందుచేత దానిని రెండు అడ్డకర్రల మీద నిలబెట్టే ఏర్పాటు చేశారు. ఇప్పుడు ప్రపంచమంతటా కనిపించేది ఆ అద్దె గదుల నమూనాయే.

శిష్యులు చాలామంది పేదవారు. కొద్ది నెలలు నేర్చి మానేసేవారు. అద్దె కుదరక తరగతి చోటు మారుతూ ఉండేది. 1950ల మధ్యలో చేరిన కుర్రవాళ్ళలో బ్రూస్ లీ ఒకడు. అతనికి ఎక్కువగా సాధన చేయించింది పెద్ద శిష్యుడు వాంగ్ షున్ లియుంగ్. బ్రూస్ లీ 1959లో అమెరికా వెళ్ళిపోయాడు. అంటే లోకం గొప్పగా చెప్పుకునే గురుశిష్య సంబంధం నిజానికి కొన్నేళ్ళదే.

కుటుంబం సంగతి మాత్రం చదువుతుంటే మనసు బరువెక్కుతుంది. సరిహద్దు మూతపడింది. భార్యాభర్తలు మళ్ళీ ఒక ఇంట ఉండలేదు. హాంకాంగ్‌లో ఆయన మరొకామెతో కాపురం పెట్టారు. అది నచ్చక కొందరు శిష్యులు దూరమయ్యారు. తప్పొప్పులు తేల్చడానికి నేనెవరిని? కాని ఫోషాన్‌లో ఒంటరిగా పిల్లలను సాకిన ఆ ఇల్లాలిని సినిమాలలో మరొక విధంగా చూపడం నాకు రుచించలేదు. ఆమె 1960లో కన్నుమూశారు. కొడుకులు ఇప్ చున్, ఇప్ చింగ్ 1962లో తండ్రిని చేరుకున్నారు. అప్పటికి పన్నెండేళ్ళు దాటిపోయింది.

1967లో శిష్యులంతా కలసి హాంకాంగ్‌లో వింగ్ చున్ క్రీడా సంఘం స్థాపించారు. తరువాత ఆయనకు గొంతు క్యాన్సరు వచ్చింది. 1972లో, పోవడానికి కొద్ది రోజుల ముందు, తన విద్య చెదిరిపోకూడదని చిన్న ఫిల్ము కెమెరా ముందు నిలబడ్డారు. ఇంట్లో తొడుక్కునే సాదా దుస్తులు, మనిషి చిక్కి శల్యమై ఉన్నారు. మొదటి రెండు వరుసలు, కొయ్య మనిషి సాధన చేసి చూపించారు. మూడవ వరుస అందులో లేదు. శబ్దం లేని ఆ ఫిల్మును మనవడు ఫోనులో పెట్టి ఇచ్చాడు. చేతులు ఎక్కడా తడబడలేదు, కాళ్ళలోనే నీరసం తెలుస్తుంది.

1972 డిసెంబరులో ఆయన మరణించారు. ఫోషాన్‌లో ఆయన పేరిట స్మారక మందిరం 2002లో తెరిచారు. పెద్ద కొడుకు ఇప్ చున్ గారు తొంభై ఏళ్ళు దాటిన తరువాత కూడా ఆ విద్య నేర్పారు.