టార్: ఫైళ్లను ఒక్కటిగా కట్టే కమాండ్

టార్ అనేది ఎన్నో ఫైళ్లను, ఫోల్డర్లను వాటి పేర్లు, తేదీలు, అనుమతులతో సహా ఒకే ఫైలుగా కట్టి, కావలసినప్పుడు విప్పి ఇచ్చే కమాండ్ లైన్ ఉపకరణం. అది కట్టిన ఆర్కైవ్‌నూ టార్ అనే అంటారు. 1979 జనవరిలో బెల్ ల్యాబ్స్ నుంచి యునిక్స్ ఏడో ఎడిషన్‌తో బయటికి వచ్చింది. లినక్స్, మ్యాక్‌లతో పాటు 2018 నుంచి విండోస్ 10లోనూ ఉంది. బ్యాకప్‌కు ఇంతకన్నా హంగులున్న సాధనాలు తర్వాత చాలా వచ్చాయి. అయినా నలభై ఏళ్ల కిందటి టార్‌ను ఈరోజు కంప్యూటర్ ఇబ్బంది లేకుండా చదువుతుంది. పాత కాలపు దస్త్రాలను దాచేవారికి ఇంతకంటే కావలసిన గుణం లేదు.

పుట్టుక

1971 నాటి తొలి యునిక్స్‌లో టేపు మీదికి ఫైళ్లు ఎక్కించడానికి ట్యాప్ అనే కమాండ్ ఉండేది. నాలుగో ఎడిషన్‌లో దాని స్థానంలోకి టీపీ వచ్చింది. రెండూ టేపు మొదట్లోనే విషయసూచిక రాసేవి. దానికి కేటాయించిన చోటు నిండిపోతే, టేపు ఎంత ఖాళీగా ఉన్నా ఇక ఫైళ్లు పట్టవు. టార్ ఆ సూచికను తీసేసింది. ప్రతి ఫైలుకూ ముందు దాని వివరాలతో ఒక చిన్న పీఠిక, వెనకే ఫైలు, మళ్లీ పీఠిక, మళ్లీ ఫైలు. టేపు ముందుకు తిరుగుతూ పోతుంది, రాయడం సాగుతూ పోతుంది. ఇందులో లోటు లేకపోలేదు: లోపల ఏమున్నాయో తెలియాలంటే చివరిదాకా చదవాల్సిందే.

పీఠిక పొడవు 512 బైట్లు. ఫైలు పేరుకు 100 బైట్లు, పరిమాణానికి 12, చివరిసారి మార్చిన సమయానికి 12, ఇలా ప్రతిదానికీ గది కేటాయించి ఉంటుంది. అంకెలను యంత్రం లోపల ఉండే రూపంలో కాక, అష్టాంశ పద్ధతిలో మామూలు అక్షరాలుగా రాస్తారు. అప్పటి యంత్రాలు బైట్లను తలో వరుసలో పేర్చేవి కాబట్టి ఒకదాని మీద రాసిన టేపు ఇంకోదాని మీద చదవాలంటే ఇదే సరైన దారి. టార్ ఇంతకాలం నిలవడానికి మూలం ఈ నిర్ణయమేనని చెప్పాలి. పదకొండు అష్టాంశ అంకెల్లో పట్టే గరిష్ఠ పరిమాణం 8 గిగాబైట్లు; తేదీలైతే 1970 నుంచి లెక్కపెట్టుకుంటూ 2242 దాకా వస్తాయి. ఆ రోజుల్లో 8 గిగాబైట్ల ఫైలు ఎవరి ఊహకూ అందనిది. తర్వాత దాన్ని దాటడానికి మార్పులు చేయాల్సి వచ్చింది.

ప్రమాణాల పోరు

1977 నాటి ప్రోగ్రామర్స్ వర్క్‌బెంచ్ యునిక్స్‌లో సీపీఐఓ అనే మరో ఉపకరణం పుట్టింది. 1980ల్లో ఏది ప్రమాణం కావాలన్న దానిపై రెండు పక్షాల మధ్య గట్టి వాదన నడిచింది. 1988లో యునిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ యూస్టార్ పేరుతో టార్‌ను సవరించింది: 100 బైట్ల పేరుకు ముందు దారి కోసం మరో 155 బైట్లు చేర్చింది. 1992లో రెండు రూపాలనూ అర్థం చేసుకునే ప్యాక్స్ కమాండ్ రాజీగా వచ్చింది. 2001లో ప్యాక్స్ పేరుతోనే కొత్త ఆర్కైవ్ రూపం స్థిరపడింది. అందులో పేరు ఎంత పొడవైనా ఉండవచ్చు, యూటీఎఫ్-8లో ఉండాలి.

ఈలోగా 1980ల మధ్యలో జాన్ గిల్‌మోర్ ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునేలా ఒక టార్‌ను రాసి ఇచ్చాడు. అదే గ్నూ టార్‌కు పునాది. లినక్స్‌లో అందరూ వాడేది అదే. ఫ్రీబీఎస్‌డీలోనూ విండోస్‌లోనూ ఉన్నది వేరు. అది టిమ్ కీంట్‌జిల్ ప్రారంభించిన లిబ్‌ఆర్కైవ్ మీద నిలిచింది.

టార్ తనంతట తాను ఫైళ్లను కుదించదు. ఆ పనికి 1992లో జీజిప్, 1996లో బీజిప్2, 2009లో ఎక్స్‌జడ్ వచ్చాయి. కుదించని టార్‌లో ఒకచోట చెడితే ఆ దగ్గరి ఫైళ్లే పోతాయి. జీజిప్‌తో కుదించినదైతే చెడిన చోటు నుంచి మిగతాదంతా పోయినట్టే. ఎలాగూ కుదించి ఉన్న ఫొటోలు, వీడియోల మీద జీజిప్ వాడితే చోటు పెద్దగా మిగలదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

తెలుగు పేర్లు, వంద బైట్లు

యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు ఒక్కొక్కదానికీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి. కెన్ థామ్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన ఈ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక్క బైటు చాలు. ‘నర్సీపట్నం’ కంటికి నాలుగు అక్షరాలే. కంప్యూటర్‌కు మాత్రం అవి పది సంకేతాలు, 30 బైట్లు. అంటే ఏడో ఎడిషన్ ఇచ్చిన 100 బైట్ల గదిలో ఆ ఊరి పేరు మూడుసార్లు పడితే గది నిండిపోయినట్టే.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా నర్సీపట్నం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. పాత దస్త్రాల కోసం విశాఖపట్నం అనే ఫోల్డర్‌లో నర్సీపట్నం అనే ఫోల్డర్ పెట్టుకుంటే, మధ్య గీతలతో కలిపి ఆ దారికే 62 బైట్లు ఖర్చవుతాయి. ఫైలు పేరుకు మిగిలేవి పన్నెండు సంకేతాలు. ‘శిస్తు వసూలు పట్టిక’ అన్న పేరు అందులో ఇమడదు. యూస్టార్‌లో దారికి వేరే గది ఉంది కనుక ఇది కాస్త తేలిక. అక్కడా ఫైలు సొంత పేరు 33 సంకేతాలు దాటకూడదు. గ్నూ టార్ పొడవైన పేర్లను అదనపు పీఠికలో పెట్టి ఈ ఇబ్బంది తప్పించింది, కానీ ఆ బైట్లు ఏ సంకేత పద్ధతివో అందులో రాసి ఉండదు. తెలుగు పేర్లున్న దస్త్రాలకు ప్యాక్స్ రూపమే ఎంచుకోవాలి. గ్నూ టార్‌లో దాన్ని అడిగి మరీ పెట్టించుకోవాలి.

జాబితా చూసినప్పుడు తెలుగు పేర్ల బదులు 340, 260, 250 లాంటి అంకెల వరసలు కనిపించి చాలామంది కంగారు పడతారు. 340, 260, 250 అంటే ‘న’ అక్షరపు మూడు బైట్లే. పేరు చెడలేదు, ఆ టెర్మినల్ భాషా అమరిక యూటీఎఫ్-8లో లేదు, అంతే.

బైట్లు నిలిచినా అక్షరం నిలవకపోవచ్చు

తెలుగు డీటీపీ చరిత్రలో దశాబ్దాల రాతంతా అను, శ్రీలిపి వంటి ఫాంట్లలో ఉంది. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. పెళ్లిపత్రిక అయినా కథల పుస్తకమైనా, టార్ దాని బైట్లను ఒక్కటీ పోకుండా దాస్తుంది. ఆ ఫాంటు లేని యంత్రంలో విప్పితే కనబడేవి పిచ్చి గుర్తులు. కాబట్టి అలాంటి పనుల బ్యాకప్‌లో ఫాంటు ఫైళ్లు కూడా ఉండాలి. ఒక కాలంలో పత్రికల వెబ్‌సైట్లకూ ఇదే అవస్థ. ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ అనే పొడిగింపును ఫైర్‌ఫాక్స్‌కు రాశారు.

దీనికి భిన్నంగా, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి తెలుగును మామూలు ఇంగ్లిష్ అక్షరాలతోనే రాసుకుంది. 1990ల్లో దానితో రాసిన ఫైలు ఈనాటికీ ఏ యంత్రంలోనైనా చదవగలిగినట్టే ఉంటుంది. ఇప్పుడు యూనికోడ్ ఆ స్థానాన్ని తీసుకుంది. డెబియన్ లినక్స్‌లో పోతన 2000, వేమన 2000 ఫాంట్లు పెట్టుకుంటే, ఆ ప్యాకేజీ లోపల అవి ఉండేది కూడా ఒక టార్ ఫైలులోనే.

వాడే తీరు

కట్టడానికి సి, జాబితాకు టి, విప్పడానికి ఎక్స్, పోల్చి చూడడానికి డి. వీటితో పాటు ఎఫ్, దాని వెనకే ఆర్కైవ్ పేరు. ఆ పేరు రాయడం మరిచి నేరుగా ఫైళ్ల పేర్లు ఇస్తే, మొదటి ఫైలునే ఆర్కైవ్ అనుకుని టార్ దాని మీద రాసేస్తుంది. అసలు ఫైలు పోతుంది. రోజూ మొత్తం కట్టనక్కర లేకుండా, గ్నూ టార్‌లో జి ఐచ్ఛికం మారిన ఫైళ్లను మాత్రమే తీస్తుంది. తిరిగి విప్పేటప్పుడు తొలి పూర్తి ప్రతి నుంచి మొదలుపెట్టి వరసగా విప్పాలి.

టార్ సరిచూపు సంఖ్య పీఠికకే ఉంటుంది, ఫైలు లోపలి విషయానికి ఉండదు. ఒక పేజీలో రెండు బైట్లు మారిపోయినా టార్ మౌనంగా విప్పుతుంది. అందుకే కట్టిన వెంటనే ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్య తీసి పక్కన రాసుకోవాలి, అప్పుడప్పుడూ వేరేచోట విప్పి చూడాలి. విప్పి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కవేయకూడదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటి జిల్లాను అతలాకుతలం చేసింది. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. నర్సీపట్నంలోని దస్త్రాలకు రెండో ప్రతి విశాఖలో పెడితే ఒకే తుఫాను రెండింటినీ అందుకోగలదు. ఒక ప్రతి హైదరాబాద్‌లోనో ఇంకా దూరంలోనో ఉండాలి. టేపు కూడా పాతబడిపోలేదు: 2011 ఫిబ్రవరిలో కొందరి జీమెయిల్ ఉత్తరాలు మాయమైనప్పుడు గూగుల్ వాటిని టేపుల నుంచే తిరిగి తెచ్చింది.

నమ్మకం, పంపిణీ

సాఫ్ట్‌వేర్ మూలరాతలను టార్‌లో కట్టి పంచడం యునిక్స్ లోకంలో చాలాకాలంగా ఆనవాయితీ. 2024 మార్చిలో ఎక్స్‌జడ్ విడుదలలో దొంగదారి ఉందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ కనిపెట్టాడు. దాన్ని పనిచేయించే రాతలో ఒక భాగం అందరికీ కనిపించే మూలరాతల్లో లేదు, విడుదల చేసిన టార్‌లో మాత్రమే ఉంది. కట్టిన దానినీ మూలాన్నీ పోల్చి చూడడం అప్పటి నుంచి పంపిణీదారులకు తప్పనిసరి పనిగా మారుతోంది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా

తెలుగు పుస్తకాల విషయంలో బ్యాకప్ విలువ తెలిసింది ఇక్కడే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ సహా పలు కేంద్రాల్లో తెలుగు పుస్తకాలు స్కాన్ అయి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌కు చేరాయి. ఒక్కో పుస్తకం ఒక ఫోల్డర్, పేజీకో బొమ్మ ఫైలు. మూడు వందల పేజీలంటే మూడు వందల ఫైళ్లు. వరస తప్పకుండా, ఒక్క పేజీ జారకుండా వీటిని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం టార్ లాంటి ఉపకరణం పుట్టిందే దేనికోసమో సరిగ్గా ఆ పని. తర్వాత ఆ వెబ్‌సైట్ మూతపడింది. అప్పటికే కార్ల్ మలముద్ చొరవతో లక్షల పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండడం వల్ల పాఠకుల చేతికి అందుతూనే ఉన్నాయి. పేజీల బొమ్మలు క్షేమం. పుస్తకాల పేర్లు మాత్రం స్కానింగ్ నాటి గజిబిజి ఇంగ్లిష్ స్పెల్లింగుల్లోనే చాలావరకు ఉండిపోయాయి. తెలుగు లిపిలో వెతికితే అవి దొరకవు. వాటిని ఒక్కొక్కటిగా సరిచేసే పని ఇంకా ఉంది.