చర్మద్వారమున హార్మోను

ఔషధమును కనుగొన్నంతమాత్రమున వైద్యశాస్త్రము పని ముగియదు. అది దేహములోనికి ఏ త్రోవను పోవలెనో తెలిసికొనుటయు అంత ముఖ్యమే. ముట్లుడిగిన స్త్రీలు వాడు హార్మోను పట్టీల చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనము.

సామాన్యముగా 45, 55 సంవత్సరముల నడుమ స్త్రీలకు ముట్లుడుగును. అండకోశములలో ఈస్ట్రోజెన్ అను హార్మోను ఉత్పత్తి తగ్గిపోవుటచే పలువురకు ఉన్నట్టుండి ఒంట ఆవిరులు క్రమ్మును; చెమటలు పోయును; నిద్ర చెడును; ఎముకలు క్రమముగా బలహీనపడును. ఇది వ్యాధి కాదు. కాని బాధ మాత్రము నిజమైనదే.

1929లో అమెరికాలో ఎడ్వర్డ్ డాయిసీ, జర్మనీలో అడాల్ఫ్ బూటెనాంట్ వేర్వేరుగా పరిశోధించి, గర్భిణీస్త్రీల మూత్రమునుండి ఈ జాతి హార్మోనగు ఈస్ట్రోన్‌ను శుద్ధరూపమున తీసిరి. 1941లో కెనడాలోను, మరుసటి యేట అమెరికాలోను ప్రెమారిన్ మాత్రలు అమ్మకమునకు వచ్చినవి. చూలుతోనున్న గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన ఈస్ట్రోజెన్లే వీనిలోని మందు.

మాత్ర మ్రింగుట సులభమే. కాని ప్రేగులు పీల్చుకొన్న మందు మొట్టమొదట కాలేయమునకు చేరును. కాలేయము అందులో అధికభాగమును మార్చివేయును. కావున మోతాదు పెంచవలసివచ్చును. అంతేకాక, ఆ హార్మోను తాకిడికి కాలేయము రక్తమును గడ్డకట్టించు కొన్ని ప్రోటీనులను హెచ్చుగా తయారుచేయును. మఱి కాలేయమును తప్పించు త్రోవ యేది?

మన యిండ్లలో తలనొప్పికి నుదుట శొంఠిపట్టు వేయుట కలదు. అది వేసినచోటనే పనిచేయునని మన తలంపు. కాని చర్మముగుండ మందు రక్తములోనికిని పోగలదు. ప్రేలుడు పదార్థముల కర్మాగారములలో నైట్రోగ్లిసరిన్ ఒంటికి తగిలిన పనివారికి తలనొప్పి వచ్చుచుండెడిది. చర్మపు పైపొర నీటిని ఆపును గాని, కొవ్వులో కరగు చిన్న అణువులను కొంచెము కొంచెముగ పోనిచ్చును. అండకోశములు తయారుచేయు ఈస్ట్రడయోల్ అట్టిదే. దాని అణుభారము 272.

ఉరుగ్వేలో జన్మించిన అలెహాండ్రో జఫరోని 1968లో అమెరికాలో ఆల్జా అను సంస్థను నెలకొల్పెను. మందును కొలతప్రకారము నిదానముగ విడుదలచేయుటయే దాని లక్ష్యము. ప్రయాణములలో వాంతులను ఆపు స్కోపొలమిన్ పట్టీ 1979లో అనుమతి పొందెను. 1986లో ఈస్ట్రడయోల్ పట్టీ వచ్చెను. పలుచని సంచిలో ఆల్కహాలున కరగిన హార్మోను, వేగమును అదుపుచేయు పొర, అంటుకొనుటకు జిగురు: ఇదియే దాని నిర్మాణము. వారమునకు రెండుమార్లు మార్చవలెను. మాత్రలో దినమునకు 1 మిల్లీగ్రాము కావలసినచోట పట్టీనుండి 50 మైక్రోగ్రాములు చాలును; అనగా ఇరువదవ వంతు.

2002లో అమెరికాలో 16,608 మంది స్త్రీలపై జరుగుచుండిన గొప్ప ప్రయోగమును మధ్యలో ఆపివేసిరి. రొమ్ము క్యాన్సరు, గుండెజబ్బు, పక్షవాతము, రక్తపు గడ్డలు హెచ్చుటయే కారణము. ఆ వార్త విని లక్షలాది స్త్రీలు హార్మోను చికిత్సనే విడిచిరి. కాని అందు పరీక్షించినది మాత్రలనే, పట్టీలను కాదు. పాల్గొన్నవారి సగటు వయస్సు 63 సంవత్సరములు. 2003లో ఫ్రెంచి పరిశోధకులు ప్రకటించిన పరిశీలనలో మాత్రలు వాడినవారికి సిరలలో గడ్డలు హెచ్చినవి. పట్టీ వాడినవారికి హెచ్చలేదు. తరువాతి పరిశీలనలు పెక్కు దీనినే బలపరచినవి.

అట్లని పట్టీ నిరపాయమని తలపరాదు. ఒక్క ఈస్ట్రోజెన్‌నే వాడినచో గర్భాశయపు లోపొరకు క్యాన్సరు ముప్పు హెచ్చునని 1975లో తెలియవచ్చెను. కావున గర్భాశయమున్నవారు ప్రొజెస్టరోన్ వంటి మందును కూడ వాడవలెను. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి సామాన్యముగా ఈ చికిత్స తగదు. ఎవరికి ఏది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను.

విద్యార్థులు ఇందుండి ఒక మాట గుర్తుంచుకొనదగును. మందునుగూర్చిన వార్త విన్నపుడు "ఏ మందు?" అని మాత్రమేకాక, "ఎవరికి? ఎంత? ఏ త్రోవను?" అనియు అడుగవలెను. 2002లో ఈ ప్రశ్నలు అడుగనందున పెక్కుమంది స్త్రీలు తమకు తగిన చికిత్సను పోగొట్టుకొనిరి.