సంతాప దినాలు

ప్రముఖులు మరణించినపుడు ప్రభుత్వం అధికారికంగా శోకం పాటించే రోజులను సంతాప దినాలు అంటారు. కేంద్ర ప్రభుత్వం ప్రకటిస్తే జాతీయ సంతాపం, రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తే రాష్ట్ర సంతాపం అవుతుంది. ఈ రోజులలో సభలు, ఉత్సవాలు రద్దు చేయాలా అన్నది తరచు చర్చకు వచ్చే విషయము.

నిబంధనలు

సంతాప దినాలలో జాతీయ పతాకాన్ని అవనతం చేస్తారు. ప్రభుత్వ వినోద కార్యక్రమాలు జరగవు. ఈ నియమం ప్రభుత్వానికే గాని ప్రైవేటు కార్యక్రమాలకు వర్తించదు. 2002 నాటి భారత పతాక స్మృతి ప్రకారం గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం, గాంధీ జయంతి, ఆయా రాష్ట్రాల అవతరణ దినాలలో పార్థివదేహం ఉన్న భవనంపై తప్ప మరెక్కడా పతాకాన్ని అవనతం చేయరు. అనగా శోక సమయంలో సైతం జాతీయ పర్వదినాలకు మినహాయింపు ఉన్నది.

కొన్ని సందర్భాలు

* 1984 అక్టోబరు 31: ఇందిరా గాంధీ మరణం. 12 రోజుల సంతాపం.
* 2004 డిసెంబరు 23: పి.వి.నరసింహారావు మరణం. 7 రోజుల సంతాపం.
* 2022 ఫిబ్రవరి 21: ఆంధ్ర ప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి మరణం. ఆ రోజు హైదరాబాదులో జరగవలసిన భీమ్లా నాయక్ చలనచిత్ర సభను 23వ తేదీకి వాయిదా వేశారు.
* 2024 డిసెంబరు 26: మన్మోహన్ సింగ్ మరణం. 7 రోజుల సంతాపం 2025 జనవరి 1 వరకు సాగి నూతన సంవత్సర దినంతో కలిసింది.

వేముల ప్రాంతం

కడప జిల్లా వేముల మండలం పులివెందుల శాసనసభ నియోజకవర్గంలో ఉన్నది. ఈ నియోజకవర్గ శాసనసభ్యుడు, ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న రచ్చబండ కార్యక్రమం కొరకు చిత్తూరు జిల్లాకు వెళ్తుండగా నల్లమల అడవులలో హెలికాప్టరు కూలి మరణించాడు. సెప్టెంబరు 4న పొరుగున ఉన్న వేంపల్లె మండలం ఇడుపులపాయలో అంత్యక్రియలు జరిగాయి. మరణించినవారు ఆ ప్రాంతపు మనిషే అయినపుడు సంతాపం ఉత్తర్వుకు పరిమితం కాదు.

వాదనలు

రద్దు చేయాలనేవారు మరణించినవారి పట్ల గౌరవాన్ని, శోకంలో ఉన్నవారి మనసును ప్రస్తావిస్తారు. వద్దనేవారు వాయిద్యకారులు, షామియానా, లైటింగు పనివారు, తిరునాళ్ల అంగళ్లవారు ఆ ఒక్కరోజు రాబడిపై ఆధారపడతారని, రద్దు భారం వారిపైనే పడుతుందని అంటారు. సినిమా సభను వాయిదా వేయవచ్చును. తిథి ప్రకారం జరిగే కల్యాణోత్సవాన్ని, ముహూర్తం పెట్టిన పెళ్లిని మార్చడం కష్టము. పూజాదికాలు యథావిధిగా జరిపి, బాణసంచా, పాటకచ్చేరీ మానుకొని, సభారంభంలో రెండు నిమిషాలు మౌనం పాటించడం మధ్యేమార్గము. అయితే ఈ మార్గంలో కూడా కచ్చేరీ కళాకారుల రాబడి పోతుంది. వారికి ముందే ఒప్పుకున్న సొమ్ము చెల్లించడమా, మరొక తేదీ ఇవ్వడమా అన్నది నిర్వాహకుల చేతిలోనే ఉంటుంది.