మాస్ సెపరేటర్: అణు శకలాల లెక్క తేల్చే యంత్రం

న్యూట్రాన్ తాకి యురేనియం-235 కేంద్రకం చీలితే సాధారణంగా రెండు శకలాలు పుడతాయి. ప్రతిసారీ అవే రెండు కావు. ద్రవ్యరాశి సంఖ్య 95 దగ్గర ఒక గుంపు, 140 దగ్గర మరో గుంపుగా వందలాది ఐసోటోపులు వస్తాయి. రియాక్టర్‌ను ఆపేశాక కూడా ఇంధనం వేడిని వెలువరిస్తూనే ఉండటానికి ముఖ్య కారణం వీటి రేడియోధార్మికతే. ఆపిన క్షణంలో ఆ వేడి పూర్తి సామర్థ్యంలో 6 నుంచి 7 శాతం ఉంటుంది. 2011 భూకంపం వచ్చినప్పుడు ఫుకుషిమా రియాక్టర్లు వాటంతటవే ఆగిపోయాయి. ఆ తర్వాత ఈ వేడిని చల్లార్చలేకపోవడం వల్లే మూడింటిలో ఇంధనం కరిగింది.

కాబట్టి ఏ శకలం ఎంత శాతం పుడుతుందో తెలియాలి. 1938లో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ రసాయన పద్ధతిలో బేరియాన్ని గుర్తించడంతోనే విచ్ఛిత్తి వెలుగులోకి వచ్చింది. అయితే రసాయన పరీక్ష మూలకమేదో చెబుతుంది, ద్రవ్యరాశిని చెప్పదు. పైగా అందుకు సమయం పడుతుంది. చాలా శకలాలు సెకన్లలోనే బీటా క్షయంతో మరో మూలకంగా మారిపోతాయి. అలా మారకముందే వాటిని వేరుచేసేది మాస్ సెపరేటర్.

వీటిలో పేరున్నది ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో, లావె-లాంజెవాన్ సంస్థ పరిశోధక రియాక్టర్ వద్ద ఉన్న లోహెన్‌గ్రిన్. రియాక్టర్ గర్భానికి దగ్గరగా, పలుచని పొరగా పూసిన యురేనియం వంటి పదార్థాన్ని ఉంచుతారు. విచ్ఛిత్తి ఇచ్చిన వేగంతోనే శకలాలు సెకనుకు దాదాపు 10 వేల కిలోమీటర్లు, అంతకు మించి దూసుకొస్తాయి. 23 మీటర్ల శూన్య మార్గాన్ని సుమారు 2 మైక్రోసెకన్లలో దాటేస్తాయి.

దారిలో ముందు అయస్కాంత క్షేత్రం, తర్వాత విద్యుత్ క్షేత్రం వాటిని వంచుతాయి. మొదటి వంపు ద్రవ్యవేగం మీద, రెండోది గతిజశక్తి మీద ఆధారపడుతుంది. రెండింటిలోనూ ఆవేశానికి పాత్ర ఉంది. ఫలితంగా ద్రవ్యరాశికీ ఆవేశానికీ ఒకే నిష్పత్తి ఉన్న శకలాలు ఒకే పరావలయం మీద పడతాయి.

ఇక్కడే ఒక చిక్కు. ద్రవ్యరాశి 100, ఆవేశం 20 ఉన్న శకలానికీ, 95, 19 ఉన్నదానికీ నిష్పత్తి 5 మాత్రమే. ఒకే చోట పడే వీటి శక్తులు మాత్రం వేరు. చివర ఉన్న అయనీకరణ గది ఆ శక్తిని కొలిచి రెండింటినీ విడదీస్తుంది. తేలిక శకలాలు వాయువులో శక్తిని కోల్పోయే తీరును బట్టి మూలకాన్నీ గుర్తించవచ్చు. బరువైన వాటికి ఆ తేడా చాలదు కాబట్టి గామా కిరణాలపై ఆధారపడతారు.

ఈ కొలతలు భారత్‌కూ అవసరమే. మన మూడో దశ అణు కార్యక్రమానికి ఆధారం థోరియం నుంచి తయారయ్యే యురేనియం-233. రియాక్టర్ అదుపులో ఉండాలంటే శకలాల నుంచి కాస్త ఆలస్యంగా వెలువడే న్యూట్రాన్లు కీలకం. యురేనియం-235లో వాటి వాటా సుమారు 0.65 శాతం, యురేనియం-233లో సుమారు 0.27 శాతమే. వాటా తగ్గేకొద్దీ నియంత్రణలో పొరపాటుకు చోటు తగ్గుతుంది. అందుకే శకలాల లెక్క అంత కచ్చితంగా ఉండాలి.