గొల్లల బాకీ

ఖడ్గతిక్కన కథ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. యుద్ధం నుంచి వెనక్కి తిరిగొస్తే భార్య స్నానాల దగ్గర మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచి దెప్పిపొడిచిందని బడిలో చదువుకున్నాం. ఆయన ఎవరి మీదికి దండెత్తాడన్నది మాత్రం పాఠంలో ఒక్క ముక్కతో సరి: పుల్లరి, అంటే మేత పన్ను, కట్టని గొల్లల మీదికి. తెలుగు పంతులుగా ఆ పాఠం చెప్పినన్నాళ్ళూ నాకు లోలోపల నవ్వొచ్చేది. నేను నల్గొండ జిల్లా పెద్దవూర గొల్లవాడలో పుట్టినవాణ్ణి. ఆ యుద్ధం కథ నేను మొదట విన్నది అవతలి పక్షం నోటనే.

అవతలి పక్షం అంటే గొల్లల నాయకుడు కాటమరాజు. పదమూడో శతాబ్దం నాటి మాట. కరువొచ్చి మందలు దక్షిణానికి దిగాయి. ఖడ్గతిక్కన కొలిచిన నెల్లూరు రాజు నల్లసిద్ధి బీళ్ళలో మేపుకోవడానికి ఒప్పందం కుదిరింది: పుట్టిన కోడెదూడలు రాజుకి, మేత గొల్లలకి. తర్వాత మాట తప్పింది ఎవరన్నది చెప్పేవాళ్ళని బట్టి ఉంటుంది. రాజుగారి వేశ్య కుందమదేవి చిలుక గొల్లల చేతిలో చచ్చిందనీ, ఆమె పగబట్టి ఆవుల్ని చంపించిందనీ, అందుకే పుల్లరి ఎగ్గొట్టామనీ మావాళ్ళ వాదన. గడ్డి కోసం, పన్ను కోసం జరిగిన యుద్ధం అది. రాజుల కథలు కావ్యాలకెక్కాయి. ఇది మాత్రం ఏడువందల ఏళ్ళు ఎక్కువగా నోళ్ళలోనే బతికి, 1970లలో తంగిరాల వెంకట సుబ్బారావు పూనుకుంటే గానీ సంపుటాలుగా అచ్చుకి రాలేదు.

అన్నాళ్ళూ దాన్ని మోసింది ఊరూరా ఆ కథ చెప్పే మందెచ్చులోళ్ళు. వాళ్ళు మాకు ఆశ్రితులు, మా ఇళ్ళలో తప్ప ఇంకెక్కడా చెయ్యి చాపరు. గొల్లవాడ నడుమ పొద్దుగూకినాక పెట్టె దించేవారు. పెట్టె మూతకి దండం పెట్టకుండా మా నాయిన లోపలికి చూడనిచ్చేవాడు కాదు. అందులో కొయ్యబొమ్మలు. చేర్యాల నకాషీలు తేలిక కొయ్య చెక్కి, చింతగింజల జిగురులో రంపంపొట్టు కలిపి ముఖాలు తీర్చి, రంగు వేసినవి. కళ్ళు మాత్రం ముఖానికి మించి పెద్దవి. గుడ్డి దీపం వెలుగులో దూరంగా కూర్చున్న ముసలవ్వకి కూడా కనబడాలి కదా! కథలో పేరు వచ్చేదాకా బొమ్మ బయటికి రాదు. కాటమరాజు వచ్చినప్పుడు వాడంతా లేచి నిలబడేది. గంగమ్మ బొమ్మ తీస్తే ఆడవాళ్ళు బియ్యం, పసుపు, కుంకుమ పట్టుకొచ్చేవారు. తెల్లారేసరికి ముందు వరుసలో నిలబెట్టిన బొమ్మల్ని చూస్తే ఎవరెవరు ఏ పక్షమో చదువురాని పిల్లవాడికైనా అర్థమయ్యేది.

కథ చెప్పినందుకు వాళ్ళకి ముట్టేదాన్ని మేము ఎన్నడూ దానం అనలేదు, త్యాగం అనేవాళ్ళం. వాళ్ళేమో హక్కు అనేవారు. ఇంటికింత తిండిగింజలు, మందలోంచి ఒక గొర్రె. ఏ ఊరు ఏ కుటుంబానికి చెందాలో వాళ్ళలో వాళ్ళకి పంపకాలుండేవి. అన్నదమ్ములు వేరుపడితే పొలాలు పంచుకున్నట్టు ఊళ్ళు పంచుకునేవారు. ఒకరి ఊళ్ళో ఇంకొకరు పెట్టె దించితే పంచాయితీయే. కళాపోషణ అని ఇప్పుడు పెద్ద మాట వాడతాం గానీ, మా తాత లెక్కలో అది బాకీ. ఇవ్వకపోతే పరువు పోతుందని ఇచ్చేవాడు. మా అవ్వకి మాత్రం గొర్రె తోలుకుపోయే రోజు ముఖం మాడేది.

ఆ బాకీ తీర్చిన మందలకి మేత ఉండాలి కదా. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలింది. ఎడమ కాలువ మా పక్కనే మొదలై మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు సాగింది. అన్నం పెట్టిన నీళ్ళని తప్పుపట్టను. కానీ బీడు మాగాణి అయినాక గొర్రె నిలబడే చోటు తగ్గింది. మందలు అమ్ముకున్న ఇంటికి పెట్టె మోసుకుంటూ ఎవరొస్తారు? 2017లో సర్కారు గొల్లకురుమలకి ఇంటికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు లెక్కన సబ్సిడీ మీద ఇచ్చింది. ఆ లెక్కలో మందెచ్చులోళ్ళ గొర్రె ఎవరికీ గుర్తు రాలేదు, నాక్కూడా.

గొల్లల కళ ఇంకో దారిలో కూడా బతికింది, అదీ మా ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే. భుజాన గొంగడి, చేత కర్ర, కాలికి గజ్జె, నడుమ నడుమ హాస్యం పండించే వంతపాటగాళ్ళు: ఇదీ గొల్లసుద్దుల కట్టు. సుద్దాల హనుమంతు గొల్లవాడు కాదు, చేనేత కుటుంబంలో పుట్టినవాడు. ఆ కట్టును తీసుకుని వెట్టిచాకిరీ మీద, దొరల మీద సుద్దులు కట్టి ఆంధ్రమహాసభ, సంఘం సభల్లో ఆడించాడు. జనానికి వేషం పాతది, అలవాటైనదే, మాట కొత్తది. పసులు కాసే జీతగాని మీద ఆయన కట్టిన పాట 1980లో ‘మాభూమి’ సినిమాలో సంధ్య గొంతున రాష్ట్రమంతా తిరిగింది. ఇప్పుడు అదే గొంగడి వేసుకుని సర్కారు పథకాల మీద పది నిమిషాలు పాడతారు. పాడేవాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి, మంచిదే. హనుమంతు సుద్దు విని మనుషులు దొర గడీకి ఎదురుతిరిగారు. పది నిమిషాల సుద్దు విని చప్పట్లు కొట్టి టీ తాగడానికి లేస్తాం.

నిండుగా ఏమైనా మిగిలిందంటే సూర్యాపేట దగ్గరి దురాజుపల్లి పెద్దగట్టు మీదే. రెండేళ్ళకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర, ఐదు రోజులు. 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 దాకా జరిగింది. కేసారం నుంచి దేవరపెట్టె గట్టెక్కుతుంది. భేరీలు మోగుతుంటే గజ్జెల లాగులు తొడిగిన మగవాళ్ళు ‘ఓ లింగా’ అంటూ గుట్ట ఎక్కుతారు, ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. కిందున్న హైదరాబాద్–విజయవాడ హైవేనే దారి మళ్ళించాల్సి వస్తుంది. జాతరని కాపాడాలని ఎవరూ ఉపన్యాసం చెప్పరక్కడ. మొక్కు ఉన్నవాడు వస్తాడు, అంతే.

ఆ జాతరకి ముందు మా గొల్ల సంఘం మీటింగులో ఈ సంగతి ఎత్తాను. ఈసారి వాడలో మందెచ్చులోళ్ళ కథ పెట్టిద్దాం, పది నిమిషాలు కాదు, రాత్రంతా అన్నాను. కుర్రవాళ్ళు బాగుందన్నారు. ఒకడు ఫ్లెక్సీ మీద ఎవరెవరి ఫొటోలు వెయ్యాలని అడిగాడు. ఇంకొకడు, “సార్, మైకు పర్మిషన్ పది దాకే ఇస్తరు” అన్నాడు.

“మైకు సంగతి తర్వాత రా, ముందు ఇంటికి ఎంత, ఏ ఇంటి గొర్రె, అది రాయి” అని నోటుబుక్కు వాడి ముందుకి జరిపాను. మొదటి పేరు నాదే రాయించుకున్నా. రెండో పేరు కోసం ఇంకా బేరం నడుస్తోంది.