పైపుల మధ్య ఎగిరిన పిట్ట: ఫ్లాపీ బర్డ్ చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన హాస్టల్ తమ్ముళ్లు ఇద్దరు వచ్చే వారం హ్యాకథాన్‌కి పోతున్నారు. బ్రౌజర్‌లో ఆడే గేమ్ రెండు రోజుల్లో చెయ్యాలి. పాత టీవీ గేముల్లా గళ్ల గళ్ల బొమ్మలు పెట్టి, ఆడేవాడికి కావాలనే విసుగు పుట్టించే గేమ్ చేద్దామని వాళ్ల ఆలోచన. "అన్నా, ఇంత చిన్న గేమ్ చూపిస్తే నవ్వుతారేమో" అని ఒక తమ్ముడు అడిగాడు. వాడి కోసమే ఇది రాస్తున్నా.

విసిగించే గేములు కొత్తవి కావు. ఒకప్పుడు నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మిషన్లు ఉండేవి. ఆడేవాడు తొందరగా ఓడితేనే ఇంకో నాణెం పడేది, కాబట్టి ఆ కష్టం వెనక వ్యాపారం ఉంది. 1986లో జపాన్ హాస్యనటుడు తకేషి కిటానో పేరుతో ఒక గేమ్ వచ్చింది. అందులో ఒకచోట కంట్రోలర్ ముట్టుకోకుండా గంటసేపు కూర్చోవాలి! 2008లో బెన్నెట్ ఫాడీ బ్రౌజర్‌లో పెట్టిన 'క్వాప్' ఇంకో రకం. నాలుగు కీలతో ఒక రన్నర్ తొడల్ని, పిక్కల్ని విడివిడిగా కదిలించి వంద మీటర్లు పరిగెత్తించాలి. చాలామంది రెండో అడుగు పడకముందే బోర్లా పడ్డారు.

ఇప్పుడు అసలు కథ. వియత్నాంలో హనోయ్ పక్కన వాన్ ఫుక్ అనే ఊరుంది, పట్టు నేతకు పేరున్న ఊరు. డాంగ్ న్గుయెన్ అక్కడే పెరిగాడు. చిన్నప్పుడు ఇంట్లో వీడియో గేమ్ కొనే స్తోమత లేదు. కొన్నాళ్లకు నింటెండో నకలు మిషన్ ఒకటి కొన్నారు. మన సంతల్లో, జాతర్లలో అమ్మిన క్యాసెట్ టీవీ గేములు గుర్తున్నాయి కదా, దాదాపు ఆ బాపతే. పదహారేళ్లకే సొంతంగా చెస్ గేమ్ కోడ్ రాశాడు.

2013 మే 24న ఐఫోన్‌లో ఫ్లాపీ బర్డ్ విడుదల చేశాడు. కొద్ది రోజుల్లోనే తయారుచేసిన గేమ్ అది. తడితే పిట్ట పైకి లేస్తుంది, వదిలేస్తే కిందికి పడుతుంది. పైపుల మధ్య సందులోంచి దాటించాలి, తగిలితే అయిపోయింది. కోడ్ తెలిసినవాళ్లకు ఒక మాట: ప్రతి ఫ్రేమ్‌లో పడే వేగం కొంచెం పెంచాలి, తట్టినప్పుడు ఆ వేగాన్ని పైకి తిప్పాలి, పిట్ట పెట్టె పైపు పెట్టెకు తగిలిందా అని చూడాలి. గుండెకాయ అదే.

మరి జనం ఎందుకు వదల్లేదు? నా లెక్క ప్రకారం, అందులో మోసం లేదు కాబట్టి. వేగం పెరగదు, దాచిపెట్టిన గుంట ఉండదు, నియమం అంతా కళ్లముందే ఉంటుంది. పిట్ట పడితే తప్పు నాదే అని వేలికి తెలుసు. క్షణంలో మళ్లీ మొదలు. తమ్ముళ్లూ, మీరు ఆడేవాడికి ఎంత విసుగైనా పుట్టించండి, ఈ ఒక్కటి మాత్రం చెడగొట్టొద్దు.

ఏడెనిమిది నెలలు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2014 జనవరికి అమెరికాలో ఉచిత యాప్‌లలో మొదటి స్థానం. ప్రకటనల మీద రోజుకు 50,000 డాలర్లు వస్తున్నాయని వార్తలొచ్చాయి. వాటితోపాటే నిందలు. పైపులు మారియో గేమ్ నుంచి కొట్టేశాడన్నారు (అలా రాసిన ఒక వెబ్‌సైట్ తర్వాత క్షమాపణ చెప్పింది). ఫోన్లు పగలగొట్టుకుని నీ వల్లే అన్నవాళ్లూ ఉన్నారు. పెద్ద కంపెనీ అయితే లాయర్లతో మాట్లాడించేది. ఇతను ఒక్కడు. 2014 ఫిబ్రవరిలో, 22 గంటల్లో తీసేస్తున్నానని చెప్పి, చెప్పినట్టే తీసేశాడు.

అదే నెలలో అతనికి మద్దతుగా గేమ్ తయారీదారులు 'ఫ్లాపీ జామ్' పెట్టారు. హ్యాకథాన్ లాంటిదే, కావాలనే కష్టంగా ఉండే చిన్న గేములు చెయ్యాలి. వందల్లో వచ్చాయి. కోడ్ డాట్ ఆర్గ్ కూడా పిల్లలు బ్రౌజర్‌లోనే సొంత ఫ్లాపీ గేమ్ చేసుకునే పాఠం పెట్టింది.

కథ అక్కడ ఆగలేదు. అతను వాడకుండా వదిలేశాడని చెప్పి వేరే కంపెనీ ఆ పేరు ట్రేడ్‌మార్క్ మీద కేసు వేసింది. 2024లో ఆ హక్కు అతని చేతిలోంచి పోయింది. అదే సెప్టెంబరులో ఫ్లాపీ బర్డ్ మళ్లీ వస్తోందని ఇంకెవరో ప్రకటించారు. ఏళ్ల తర్వాత న్గుయెన్ నోరు విప్పి, వాళ్లతో తనకు సంబంధం లేదని, తాను ఏదీ అమ్మలేదని చెప్పాడు. దున్నేది ఒకరు, కాగితం మీద పేరు ఇంకొకరిది. ఇది మన ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే తమ్ముళ్లకు చెప్పాను, గేమ్ మొదటి స్క్రీన్ మీదే మీ ఇద్దరి పేర్లు, ఊరు, తేదీ పెట్టండని. లింకు రాగానే ఇక్కడే పెడతారు. ట్రయల్ ఆడాను, నా స్కోరు మాత్రం అడగొద్దు.